శ్వాసయంత్రం ప్రక్కన సన్నాయి

పసిబిడ్డకు, పశువునకు, పామునకు కూడ గానరసం తెలియునని పెద్దలు చెప్పిన మాటను మేము ఏటేటా తరగతి గదిలో చెప్పుచునే ఉన్నాము. చెప్పినప్పుడెల్ల విద్యార్థులు శ్రద్ధగా వ్రాసికొన్నారు. పరీక్షలలో తిరిగి మాకే అప్పగించినారు. ఆ మాటలో రోగి ప్రసక్తి లేదు. నోట గొట్టముండి, చేతులకు మెత్తని పట్టీలు కట్టబడి, పలుకలేక, కదలలేక పడియున్న మనిషికి గానరసం ఎట్లుండునో పెద్దలెవ్వరూ చెప్పలేదు. ఆ సంగతి మాకు రెండేండ్ల క్రిందట మా నాయనగారి మంచం ప్రక్కన నిలుచున్నప్పుడు కొంత తెలిసినది. తెలిసినది కొంచెమే. ఆ కొంచెమును గూర్చియే ఈ వ్యాసం.

మా నాయనగారిది దర్శి. వృత్తి దూది ఏకుట, పరుపులు కుట్టుట. ఒంగోలు నుండి గుంటూరు దాకా పరచుకొన్న ఈ మైదానాలలో తెల్లని పంట ప్రత్తి, ఎఱ్ఱని పంట మిరప. ఎఱ్ఱనిది గుంటూరు యార్డుకు పోవును, తెల్లనిది జిన్నింగు మిల్లులకు పోవును. అందులో నుండి ఒక పిడికెడు మా వంటి నూర్‌బాషా కుటుంబాల ముంగిళ్లకు వచ్చును. లోకం మమ్ములను దూదేకులవారని పిలుచును. చేసిన పనియే కులం పేరైనది.

మా చిన్నతనాన ఇంటి దూలానికి వ్రేలాడుచుండిన దూది ఏకే విల్లు ఇప్పటికీ మా కండ్ల ముందున్నది. మనిషి పొడవు కొయ్య, ఆ కొన నుండి ఈ కొనకు బిగించిన నరపు తీగ, దానిపై కొట్టుటకు చేతిలో ఇమిడే మరొక కొయ్య. కొట్టినప్పుడు తీగ దూదికుప్పలో వణకును. ముద్దగట్టిన దూది విచ్చి పాలనురుగువలె పైకి లేచును. ఆ టంకారంలో ఒక లయ ఉన్నది. వేసవిలో, పెండ్లిండ్ల ముందు, మా నాయన విల్లు భుజాన వేసికొని వీధి వెంట పోవుచు తీగను ఒక్కసారి మీటినచో చాలును, ఇల్లాండ్రు పాత పరుపులు బయటికి ఈడ్చుకొని వచ్చెడివారు. కేక వేయవలసిన పని ఉండెడిది కాదు. తరువాత ఏకుడు యంత్రాలు వచ్చినవి. విల్లు అటక ఎక్కినది.

ఈ జిల్లాల ముసల్మానులకు, సన్నాయికి గల చుట్టరికం చదువరులెరిగినదే. 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు చిలకలూరిపేట ఆదం సాహెబు గారి వద్ద శిష్యరికం చేసి, తంజావూరు బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీయు, 1998లో సంగీత కళానిధి బిరుదమును పొంది, 1999లో కన్నుమూసినారు. ముసల్మానుగా పుట్టి ముసల్మానుగానే జీవించిన ఆ మహానుభావుని నాదస్వరం రంగనాథుని ముంగిట మ్రోగినది. 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా నాయన టీకొట్టులో పదిమందికి టీ ఇప్పించినారు. వారితో ఆయనకు బంధుత్వమేమియు లేదు. రాగాల పేర్లు కూడ ఆయనకు తెలియవు. పెండ్లిలో గాని గుడిలో గాని సన్నాయి వినబడినచోట ఆయన సైకిలు ఆగిపోయెడిది, అంతే. దానిని మేము ఒక అలవాటుగా చూచినామే గాని ఒక అభిరుచిగా ఎన్నడూ లెక్కింపలేదు. ఎం.ఏ. చదివిన కుమారునికి తండ్రి అభిరుచులు కనబడుట కొంత కష్టమే.

నలువది ఏండ్లు ప్రత్తి నూగు పీల్చిన ఊపిరితిత్తులు ఆయనవి. ప్రత్తి ధూళి వలన కలిగే వ్యాధిని వైద్యులు బిస్సినోసిస్ అందురు. సెలవు గడచి పనిలోనికి తిరిగి వచ్చిన మొదటినాడు రొమ్ము బిగబట్టినట్లుండుట దాని తొలి గుర్తు. నూలు మిల్లు కార్మికులలో దానిని గుర్తించినారు; ఇంటి ముంగిట కూర్చుండి ఏకువానిలో గుర్తించుటకు వచ్చు వారెవరు? మా నాయనకు అదియే వచ్చినదని ఎవరూ వ్రాసి ఇవ్వలేదు. ఒక చలికాలం న్యుమోనియా పట్టుకొన్నది. అద్దంకి మీదుగా గుంటూరు చేర్చునప్పటికి పెదవులు నల్లబడినవి. ఆ రాత్రియే శ్వాసయంత్రం అమర్చినారు.

అతిజాగ్రత్త విభాగమనునది ప్రాచీనమైనది కాదు. 1952లో కోపెన్‌హేగన్ నగరంలో పోలియో వ్యాపించినప్పుడు ఊపిరి కండరములు చచ్చుబడిన వారికి, గొంతులో గొట్టమమర్చి, సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతుల వారీగా చేతితో సంచి నొక్కి గాలి పంపినారు. ఆ చికిత్సను సూచించిన బ్యోర్న్ ఇబ్సెన్ అను వైద్యుడే మరుసటి ఏడు, 1953లో, అటువంటి రోగులకొక ప్రత్యేక విభాగం నెలకొల్పినాడు. నాడు రోగి ప్రక్కన ఒక మనిషి చేయి ఉండెడిది. నేడు యంత్రమున్నది. యంత్రం అలసిపోదు, నిజమే. కాని యంత్రం అరచును. శ్వాస తగ్గినచో ఒక గంట, నాడి పెరిగినచో ఒక గంట, మందుసీసా ఖాళీ అయినచో మరొక గంట. ఆసుపత్రి గదులలో రాత్రివేళ శబ్దం 30 డెసిబెళ్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది. అది గుసగుసల స్థాయి. ఏ అతిజాగ్రత్త విభాగంలోనైనను ఒక రాత్రి నిలుచున్నవారు ఆ సంఖ్య చదివి నవ్వుకొందురు.

గొట్టం స్వరతంతుల నడుమ నుండి పోవును గనుక రోగి మాటాడలేడు. దాహమనలేడు, నొప్పి అనలేడు, భయమనలేడు. భయపడినప్పుడు గుండె వేగం, రక్తపోటు పెరుగును. యంత్రమిచ్చు శ్వాసకు ఎదురు తిరిగి రోగి పెనుగులాడును. అప్పుడు మత్తుమందు ఎక్కింతురు. మిడజొలామ్, ఫెంటనిల్ వంటివి లేకున్నచో ఈ చికిత్సయే సాగదు. వానిని నిందించుట మా ఉద్దేశం కాదు. అయితే మత్తు ఎక్కువైనకొలది యంత్రం మీద ఉండే రోజులు పెరుగును, కండలు కరగును, చిత్తభ్రాంతి కలుగును. కావున మత్తు తగ్గించి భయమును తగ్గించు ఉపాయమేదైన ఉన్నదాయని వైద్యలోకం వెదకుచున్నది. ఆ వెదకులాటలో చిక్కిన ఉపాయాలలో సంగీతమొకటి.

ఇది క్రొత్త ఆలోచన అని పాశ్చాత్యులు అనుకొన్నచో అనుకొననిండు. 1284లో కైరో నగరాన సుల్తాను కలావూన్ కట్టించిన ఆసుపత్రిలో నిద్రపట్టని రోగుల కొరకు వాద్యకారులను, కథలు చెప్పువారిని నియమించినారని చరిత్రకారులు వ్రాసినారు. తుర్కీలోని ఎదిర్నె పట్టణంలో సుల్తాను రెండవ బాయజీదు 1488లో నెలకొల్పిన ఆసుపత్రికి పదిమంది గాయక వాద్యకారులు వారానికి మూడుసార్లు వచ్చెడివారని పదునేడవ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబి చెప్పినాడు. ఆ భవనం నేడు వైద్యచరిత్ర ప్రదర్శనశాలగా ఉన్నది. ఫ్లోరెన్స్ నైటింగేల్ తన నర్సింగు గ్రంథంలో అనవసరపు చప్పుడును రోగిపై చేయు క్రౌర్యంగా ఎంచినది. ఊదే వాద్యాలు, తీగ వాద్యాలు, మానవ కంఠం నాదమును తెగకుండ సాగింపగలవు గనుక రోగికి మేలు చేయుననియు, నాదం తెగిపోవు పియానో వంటివి అట్లు చేయవనియు ఆమె అభిప్రాయం. ఆమె సన్నాయిని విని ఉండదు. విన్నచో ఏ జాబితాలో చేర్చెడిదో!

ఆధునిక పరిశోధనలలో మాకు నచ్చినది అమెరికాలోని మినియాపోలిస్, సెయింట్‌పాల్ జంటనగరాలలో జరిగి, 2013లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వెలువడినది. లిండా చ్లాన్ అను నర్సింగు ఆచార్యురాలు దానిని నడిపినది. 12 అతిజాగ్రత్త విభాగాలలో శ్వాసయంత్రంపై ఉన్న 373 మంది రోగులను మూడు వర్గాలుగా చేసినారు. ఒక వర్గం వారికి తమకిష్టమైన సంగీతం, ఒక వర్గం వారికి చప్పుడును అడ్డగించు చెవిపరికరాలు మాత్రమే, మూడవ వర్గానికి మామూలు చికిత్స. సంగీతం విన్నవారు సగటున రోజుకు 80 నిమిషాలు విన్నారు. అయిదవ రోజునకు, మామూలు చికిత్స పొందిన వారితో పోల్చినచో, వారిలో ఆందోళన 36 శాతానికి పైగా తగ్గినది. మత్తుమందు అవసరం కూడ దాదాపు అంతే తగ్గినది. 2014 నాటి కాక్రేన్ సమీక్ష 14 పరీక్షలను, 805 మంది రోగులను కలిపి చూచి ఇంచుమించు ఇదే దిశను చూపినది. సంగీతం వినిపించుచున్న సంగతి రోగి నుండి దాచుట అసాధ్యం గనుక ఈ ఫలితాలను కొంత జాగ్రత్తతో చదువవలెనని ఆ సమీక్షకులే హెచ్చరించినారు. ఆ హెచ్చరికను మేమును ఇచ్చట తిరిగి చెప్పుచున్నాము.

అయితే ఆ పరిశోధనలో మేము మొదట గమనింపని మాట ఒకటి ఉన్నది. అచ్చట సంగీతమును ఎన్నుకొన్నది రోగి. ఏ పాట, ఎంతసేపు, ఎప్పుడు ఆపవలెను అనునది రోగి చేతిలో నుండినది. మేము చదివినప్పుడు సంఖ్యలను చూచినాము, ఈ మాటను దాటిపోయినాము. దాని ఫలం అనుభవించినది మా నాయన.

మూడవనాడు వైద్యుని అనుమతి తీసికొని, నర్సు స్పిరిటుతో తుడిచిన చెవిగొట్టాలను ఆయన చెవులకమర్చి, మా ఫోనులో వేణువు పెట్టినాము. నిదానపు లయ, నిమిషానికి 60 నుండి 80 లోపల, తాళవాద్యం లేనిది, ధ్వని తక్కువ. అన్నియు వ్యాసాలలో చెప్పినట్లే. ఆయన కనుబొమలు ముడివడినవి. తల అటు త్రిప్పినారు, ఇటు త్రిప్పినారు. తెరపై నాడి 112 నుండి 120 చేరినది. "సార్, ఆయనకి నచ్చడం లేదేమో, తీసేయండి" అన్నది నర్సు. వినవలసినది మేము, మేమేమో మరి రెండు నిమిషములు చూతమన్నాము. మందు పనిచేయుటకు వ్యవధి పట్టదా అని మా తర్కం.

సాయంకాలం మా అన్నగారు వచ్చినారు. ఆయన నమాజీ, సంగీతమనినచో ముఖం చిట్లించుకొనును. "తమ్ముడూ, ఈ గడియలో నాయన చెవిలో పడాల్సింది అల్లా మాటరా. రేపు ఏదన్నా అయితే పిల్లనగ్రోవి వింటూ పోయాడన్న మాట మనకు మిగలాలా?" అన్నారు. ఇందులో మౌఢ్యమేమియు లేదని చదువరులు గ్రహింపవలెను. సంగీత శ్రవణం తగునా తగదా అను విషయమై ఇమామ్ గజాలీ వంటి మహాపండితుడు తన మహాగ్రంథంలో ఒక ప్రకరణమే వ్రాయవలసి వచ్చినది. తొమ్మిది వందల ఏండ్లు గడచినను తేలని వాదమును ఆసుపత్రి వరండాలో మేమిద్దరం తేల్చగలమా? మేము తప్పుకొన్నాము. అన్నగారు ఒళ్లు శుద్ధి చేసికొని, మాస్కు క్రింద నుండి, మంద్రస్వరంతో యాసీన్ సూరా పఠింప మొదలిడినారు. ఆయన గొంతు మంచిది.

మా నాయన కండ్లు తెరచినారు. ఆ కండ్లను మేము మరువలేము. నాడి 134. ఊపిరి యంత్రంతో కలియక గంటలు మ్రోగినవి. నర్సు పరుగెత్తి వచ్చినది, మత్తుసూది వేసినది, మా ఇద్దరిని బయటికి పంపినది.

వరండాలో అన్నగారు చాలసేపు మౌనంగా కూర్చుండి, మెల్లగా అన్నారు: "యాసీన్ మనం ఎప్పుడు చదువుతామురా?" మాకప్పుడు వెలిగినది. మా ఇండ్లలో ఎవరైన చివరి ఊపిరి తీయుచున్నప్పుడు తలాపున కూర్చుండి యాసీన్ చదువుదురు. మా తాతగారికి చదివినది మా నాయనగారే. మంచం ప్రక్కన పెద్దకొడుకు యాసీన్ చదువుచున్నాడనినచో ఆయన ఏమనుకొని ఉండును? పవిత్రతలో లోపం లేదు, గొంతులో లోపం లేదు. ఆ శబ్దమునకు ఆ మనిషి జీవితంలో ఉన్న అర్థం వేరు. వైద్య వ్యాసాలలో నిమిషానికి ఎన్ని దెబ్బలో ఉన్నది గాని, ఏ శబ్దం ఎవరికి ఏ మంచమును, ఏ శవపేటికను జ్ఞాపకం చేయునో ఎక్కడ ఉన్నది? మరునాటి ఉదయం అన్నగారే యాసీన్ వదలి, రోగుల కొరకు మావారు చదివే రహ్మాన్ సూరా చదివినారు. నాడి కదలలేదు; ముఖం మాత్రం కొంత తేటపడినది.

ఆనాడు లోపలికి పోవు వంతు మా అమ్మగారిది. రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి పది నిమిషములు, ఒక్కరికే అనుమతి. ఆమె మమ్మల్ని అడిగినది: "నాయనా, నీ ఫోనులో సన్నాయి ఉందా?" ఉన్నదన్నాము. "అయితే అది పెట్టి ఇయ్యి. డోలు వచ్చేదాకా ఉంచుతా, డోలు మొదలవగానే తీసేస్తా." మా అన్నగారు ఆమె వంక చూచినారు. "రహ్మాన్ అయిందిగా అబ్బాయ్, ఇది కూడా ఆ రహ్మాన్ ఇచ్చిన ఊపిరే" అన్నది ఆమె. ఆమె బడికి పోలేదు. దీనికి సమాధానం గజాలీ గ్రంథంలో ఉన్నదేమో గాని మా అన్నగారి వద్ద లేకపోయినది.

చినమౌలానా గారి తోడి రాగాలాపన. నాదస్వరం బయట మ్రోగు వాద్యం. ఆ గదికి తగినది కాదని మా భయం. చెవిగొట్టంలో ధ్వని బాగుగా తగ్గించినచో అది దూరాన ఊరి చివరి పెండ్లివలె వినబడును. అద్దం వెలుపల నుండి మేము చూచినాము. అద్భుతమేదియు జరుగలేదు. ఆయన లేచి కూర్చుండలేదు, కన్నీరు కార్చలేదు. నుదుటి ముడి విడినది. నాడి 118 నుండి పది నిమిషములలో 104కు దిగినది. పట్టీ కట్టిన కుడిచేతి వ్రేళ్లు మాత్రం ముడుచుకొని, విచ్చుకొని, మరల ముడుచుకొన్నవి. తాళమని మేమనుకొన్నాము. అమ్మగారు బయటికి వచ్చి కండ్లు తుడుచుకొనుచు, "తాళం కాదు, దూది ఏకుతున్నాడు" అన్నది.

ఆ రాత్రి మత్తుమందు పెంచవలసిన అవసరం కలుగలేదని ఉదయం నర్సు చెప్పినది. అది సన్నాయి వలననా, యాంటీబయోటిక్కుల వలననా, రహ్మాన్ వలననా? ఒక్క రోగితో ఏ శాస్త్రమూ ఋజువు కాదని విద్యార్థులకు చెప్పే మేము ఇచ్చట మాత్రం వేరొక మాట చెప్పరాదు. రోజుకు మూడుసార్లు, అరగంట చొప్పున పెట్టినాము. వ్రేళ్లు ఆగి తల ప్రక్కకు త్రిప్పినప్పుడు తీసివేయుమని నర్సులు తమలో తాము చెప్పుకొన్నారు. ఆ ఆలోచన వారిదే. నోరు లేని మనిషికి అది ఒక మాట అయినది. తొమ్మిదవనాడు గొట్టం తీసినారు.

గొంతు పెగలిన తరువాత మా నాయన మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఒరే, ఆ పిల్లనగ్రోవి ఎవడు పెట్టాడు? ఆపమందామంటే నోట్లో గొట్టం." ఆయనకు చాల సంగతులు జ్ఞాపకం లేవు. నోటినిండ ఎవరో దూది కుక్కినారని, ఉమియబోయినకొలది పెరుగుచున్నదని కలగన్నారట. గంటలు మ్రోగినప్పుడెల్ల జిన్నింగు మిల్లు గంట అనుకొన్నారట. యాసీన్ విన్నారు. "అయిపోయిందనుకున్నా" అన్నారు, అంతకు మించి చెప్పలేదు. మా అన్నగారు తల వంచుకొన్నారు. సన్నాయి? "ఏమో, ఎవరిదో పెండ్లి జరుగుతుందనుకున్నా. పరుపులు ఇంకా కుట్టలేదే అని ఒకటే ఇది."

ఇంటికి వచ్చిన తరువాత ఒక సాయంకాలం మేము కాగితం తీసికొని ఆయనకు వినదగినవేవో, వినరానివేవో అడిగి వ్రాసినాము. ఏ కారణంచేతనైన మరల అట్టి అవసరం వచ్చినచో మా ఊహలపై ఆధారపడనక్కర లేకుండ. ఆయన చెప్పినవి: సన్నాయి, డోలుతో కూడ పరవాలేదు. రహ్మాన్ సూరా, పెద్దకొడుకు గొంతుతోనే. రేడియోలో వ్యవసాయ కార్యక్రమం. పిల్లనగ్రోవి వద్దు. యాసీన్ ఎప్పుడు చదవాలో పెద్దవాడికి తెలుసు.

అన్నగారికి ఆ కాగితం చూపినాము. చదివి, మడిచి, తన జేబులో పెట్టుకొన్నారు.

అమ్మగారిని కూడ అడిగినాము. ఆమె చాలసేపు ఆలోచించి, "నాకేం పాటలురా. మీ నాయన దూది ఏకే చప్పుడు ఉంటే చాలు" అన్నది. ఆ చప్పుడును మేమెవ్వరమూ ఎన్నడూ పట్టి ఉంచలేదు. అటక మీది నుండి విల్లు దింపినాము. కొయ్య బాగానే ఉన్నది, తీగ తెగిపోయినది. నరపు తీగ దర్శి అంగళ్లలో దొరకలేదు. పొదిలిలో ఒకరు నైలాను తీగ బిగించి ఇచ్చెదమన్నారు. మా నాయన దానిని వ్రేలితో ఒకసారి మీటి చూచి, తల అడ్డంగా ఊపి, అసలైన నరం కొరకు మమ్మల్ని మరల పంపినారు.